పరదేశపు బసలో పొయ్యి

బాటసారి బసచేరినంతనే కోరునవి మూడు: నీడ, నీరు, నిప్పు. మొదటి రెండును ఏ దేశమునందైనను ఎవరో యొకరు చూపుదురు. నిప్పు మాట యట్లు కాదు. ఒకని ఇంటిలో మరియొకడు పొయ్యి రాజవేయవలెనన్న ఇంటివాని మనస్సు శంకించును. ఆ శంక న్యాయమైనదే. ఏలయన, నిప్పు తప్పిన, కాలునది అతిథి మూట మాత్రము కాదు, ఇంటివాని యిల్లును.

నేడు నేను చెప్పబోవునది, పరదేశములకేగిన ప్రయాణికుడు తాను దిగిన హోటలు గదిలో తన టీ, కాఫీలను తానే కాచుకొనుట యెట్లు సాధ్యమయ్యెనో ఆ వృత్తాంతము. వినుటకు స్వల్ప విషయమువలె తోచును. కాని యీ స్వల్ప విషయమునందు అతిథి స్వాతంత్ర్యమును, యజమానుని భయమును చిరకాలము పెనగులాడినవి. ఆ రెండింటికిని సంధి కుదురుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

మన దేశమున పూర్వమీ చిక్కు అంతగా లేదు. మన సత్రములు బాటసారికి నీడనిచ్చి, వంటచేసికొనుటకు చోటు విడిచెడివి. మూడు రాళ్లు చేర్చిన పొయ్యి, నాలుగు పుల్లలు తెచ్చిన వంట. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. వారి కాశీయాత్ర చరిత్రను చదివినవారు, మజిలీ మజిలీకిని బసకు చోటున్నదా, నీరు మంచిదా, వంటసరుకులు దొరకునా యని వారెంత శ్రద్ధతో వ్రాసియుంచిరో ఎరుగుదురు. తన వంట తన చేతిలో నుండుట మనవారికి ఆచారమును, ఆరోగ్యమును, గౌరవమును గూడ నైయుండెను.

తేనీటికి పుట్టినిల్లయిన చీనాదేశమునందును ఇట్టి యోచనయే కానవచ్చును. క్రీస్తుశకము 8వ శతాబ్దమునందు లూ యూ అను పండితుడు తేయాకును గూర్చి యొక శాస్త్రగ్రంథము వ్రాసెను. అందు నీరు కాగుటలోని మూడు దశలను అతడు వర్ణించెను: మొదట చేపకన్నులవంటి బుడగలు, తరువాత ముత్యాల సరములు, పిదప అలలు. ఇంటియందు తేనీరు కాచుటకు కావలసిన పరికరముల పట్టిక చాల పెద్దది. కాని కొండలలోను, వనములలోను కాచుకొనునపుడు వానిలో ఏవేవి విడిచిపెట్టవచ్చునో చెప్పుటకు ఆయన యొక ప్రకరణమునే కేటాయించెను. ప్రయాణములో ఏది యవసరమో, ఏది బరువో తెలిసికొనుట గూడ నొక విద్యయే యని ఆ మహానుభావుని భావము.

ఐరోపాఖండమున పద్ధతి వేరు. అచ్చటి పూటకూటియిండ్లలో నిప్పు వంటయింటి సొత్తు. అతిథికి కావలసినది గంట కొట్టి యడుగవలెను, సేవకుడు తెచ్చియిచ్చును, లెక్క చీటీలో వ్రాయబడును. ఇంగ్లీషువారికి ఉదయము లేచినతోడనే తేనీరు కావలెను. ఫ్రాన్సు, ఇటలీ దేశములలో కాఫీ మంచిదే గాని, తమ రుచికి సరిపడు టీ వారికి దొరకుట కష్టముగా నుండెను. అందువలన 19వ శతాబ్దపు ఇంగ్లీషు ప్రయాణికులు పలువురు తమ టీపొడిని, చిన్న కెటిలును, సారాయి దీపమును పెట్టెలో పెట్టుకొని పోవుచుండిరి. సారాయి దీపమనగా స్పిరిటుతో మండు చిన్న దీపము. దానికి పొగ లేదు, మసి లేదు. నీరు కాచుటకు ఏర్పడిన అట్టి పాత్ర యొకదానికి, ఇటలీయందలి అగ్నిపర్వతము పేరున, ఎట్నా యని పేరిడిరి. పెట్టెలో అగ్నిపర్వతమును మోసికొనిపోయి, పరుల యింట దానిని వెలిగించుట! ఆ పేరు వినిన బసయజమానునికి ఆనందము కలుగకుండుట వింత కాదు. స్పిరిటు ఒలికినచో, దాని జ్వాల పగటివెలుతురులో కంటికే సరిగా కానరాదు. తెరకంటినను, పరుపుకంటినను, తెలియువరకే కార్యము మించిపోవును.

అయినను ఆ చిన్న పొయ్యి విలువ యెట్టిదో తెలిసికొనుటకు మన మహాత్ముని జీవితమునే చూడుడు. గాంధీగారు 1888లో బారిష్టరు చదువునకు లండను చేరిరి. మొదట ఒక పెద్ద హోటలులో దిగిరి. మాంసము ముట్టనని తల్లికిచ్చిన మాట యుండుటచే అచ్చటి తిండి ఆయనకు సరిపడలేదు. చివరకు చీటీ చూడగా మూడు పౌనులైనది. అంత సొమ్మిచ్చియు దాదాపు పస్తున్నట్లే యైనదని ఆయనయే తన ఆత్మకథలో వ్రాసికొనిరి. కొంతకాలమునకు ఆయన ఖర్చు తగ్గింపనెంచి, ఒక్క గది అద్దెకు తీసికొని, ఒక స్టవ్వు కొనిరి. ఉదయము ఓటుధాన్యపు జావ కాచుకొనుటకును, కోకోకు నీరు కాచుటకును ఇరువది నిమిషములకన్న మించి పట్టెడిది కాదట. మధ్యాహ్నము వెలుపల భోజనము. రాత్రికి మరల గదిలో రొట్టె, కోకో. ఇట్లు దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడపిరి. ఆహారపరీక్షలు చేయుచు టీ, కాఫీలను చాలవరకు మానుకొనినందున కోకో గాని, కార్యము ఒక్కటియే: వేడినీరు తన చేతిలో నుండెను. అది హోటలు గది గాదు, అద్దెగది. అయినను పరదేశములో ఒక స్టవ్వు మనుష్యుని వ్రతమునెట్లు కాపాడునో, సంచినెట్లు కాపాడునో, ఇంతకన్న మంచి దృష్టాంతము లేదు.

నిప్పు అతిథిదా, యజమానునిదా యను వాదమునకు కొన్ని దేశములవారు మధ్యేమార్గమును కనుగొనిరి. నిప్పు మేము చూచుకొందుము, వేడినీరు మీరు తీసికొనుడు, ఆకు మీరు తెచ్చుకొనుడు అనునదే ఆ మార్గము. రష్యావారి సమోవారు అట్టిది. అది నడుమ గొట్టముగల పెద్ద లోహపాత్ర. గొట్టములో బొగ్గులు మండుచుండ, చుట్టునున్న నీరు కాగుచుండును. క్రింద కుళాయి యుండును. 1891లో నిర్మాణము మొదలిడిన సైబీరియా మహారైలుమార్గమున నేటికిని పెట్టె పెట్టెకును వేడినీటి బాన యొకటి యుండును. ప్రయాణికులు తమ టీని తామే కలుపుకొందురు. మాస్కోనుండి వ్లాదివొస్తోకునకు సుమారు 9,300 కిలోమీటర్ల దూరము, వారము దినముల ప్రయాణము. అంతటి చలిదారిలో ఆ కుళాయియే ప్రయాణికులకు ఊరిబావివంటిది. అచ్చట నిలిచి గ్లాసు నింపుకొనుచునే పరిచయములు కలుగును.

చీనాదేశపు రైళ్లలోను వేడినీటికి ఇట్టి యేర్పాటే కలదు. అచ్చటి హోటళ్లలో చిరకాలము గది గదికిని వేడినీటి ఫ్లాస్కు నుంచుచుండిరి. ఈ ఫ్లాస్కు కథయు చిత్రమైనదే. 1892లో జేమ్సు డ్యూవారు అను శాస్త్రజ్ఞుడు అతిశీతల ద్రవములను నిలువచేయుటకై రెండు గోడల గాజుపాత్రను చేసెను. ఆ గోడల నడుమ గాలి తీసివేయుటచే వేడి లోపలికి పోదు, వెలుపలికి రాదు. చల్లదనమును కాపాడు పాత్ర వేడిని గూడ కాపాడునని గ్రహించి, 1904లో జర్మనులు థర్మాసు అను పేరున దానిని వర్తకమునకు తెచ్చిరి. ప్రయోగశాల కొరకు పుట్టినది బాటసారి సంచిలో స్థిరపడినది. జపానుదేశపు సాంప్రదాయిక సత్రములలోనైతే, అతిథి గదిలో అడుగిడునప్పటికే బల్లపై ఆకుపచ్చని టీయు, చిన్న కుండయు, గిన్నెలును, వేడినీరును, ఒక తీపిపదార్థమును సిద్ధమై యుండుట మర్యాద. అచ్చట అతిథి అడుగవలసిన పనియే లేదు.

ఇక విద్యుచ్ఛక్తి వచ్చినది. జ్వాల లేని వేడి దొరకినది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దమున ఇంగ్లండులోని క్రాంప్టను కంపెనీవారు విద్యుత్తుతో కాగు కెటిళ్లను అమ్మజూపిరి. వానిలో వేడి పుట్టించు తీగ నీటిలో గాక, అడుగున వేరొక అరలో నుండెను. అందుచేత నీరు కాగుట మిక్కిలి ఆలస్యము. 1922లో బర్మింగ్‌హాము నగరపు బుల్పిట్ కంపెనీవారు ఆ తీగను లోహపుగొట్టములో మూసి, నీటిలోనే మునుగునట్లు చేసిరి. అప్పటినుండి కెటిలు వేగిరము కాగజొచ్చెను. అదే సూత్రముతో, గ్లాసులో ముంచి నీరు కాచు తీగచుట్ట యొకటి ప్రయాణికులకు దొరకినది. అది కోటుజేబులో పట్టును. లోకమందంతటను విద్యార్థులును, గుమాస్తాలును, పొదుపరులైన ప్రయాణికులును దానిని హోటలు గదులలో రహస్యముగా వాడుకొనిరి.

రహస్యముగా నేల? అందులోను ప్రమాదము కలదు గనుక. తీగచుట్టను నీటిలో నుంచి మరచినచో నీరంతయు ఆవిరియై, చుట్ట ఎఱ్ఱగా కాలి, గ్లాసు పగిలి, బల్ల అంటుకొనును. హోటలు వారికి నిప్పన్న ఎంత భయమో తెలియుటకు ఒక్క సంగతి చాలును. 1946 డిసెంబరు 7వ తేదీన అమెరికాలోని అట్లాంటా నగరమున వైన్‌కాఫ్ అను హోటలు తగులబడి 119 మంది మరణించిరి. అది ఎవరి కెటిలు వలనను జరిగినదని నేను చెప్పుట లేదు. కాని నిప్పంటని కట్టడమని పేరు పొందిన పదునైదంతస్తుల ఆ భవనమునకు దిగుటకు ఒక్కటే మెట్లదారి. పైయంతస్తులలో నిద్రించువారికి దారి తప్పిపోయెను. హోటలు గోడపై గదులలో వంట చేయరాదని వ్రాసియుండుట చూచి మనలో కొందరు చిన్నబుచ్చుకొందురు. ఆ వ్రాతకు వెనుక ఇట్టి శోకములున్నవని మరువరాదు.

ఈ భయమును తీర్చినది ఒక చిన్న రేకుముక్క. 1955లో ఇంగ్లండున రస్సెల్, హాబ్సు అనువారి కంపెనీ తనంతట తానే ఆరిపోవు కెటిలును తయారుచేసెను. అందలి యుక్తి యిది: రెండు వేరు లోహములను ఒకదానిపై నొకటి అతికించి ఒక రేకు చేసిరి. వేడి తగిలినప్పుడు ఒక లోహము ఎక్కువగాను, మరియొకటి తక్కువగాను సాగును; అందుచే రేకు వంగును. నీరు మరగి ఆవిరి ఆ రేకును తాకునట్లు దారి చేసిరి. రేకు వంగినతోడనే మీట తెగిపడి విద్యుత్తు ఆగును. అతిథి మరచినను కెటిలు మరువదు. ఈ గుణము గల కెటిలునైతే పరుని చేతికప్పగించి యజమానుడు నిద్రపోవచ్చును. నూరేండ్ల పెనగులాటకు సంధిపత్రము ఆ రేకుముక్కయే యని నా యభిప్రాయము.

నీటి మాట తీరినది; ఇక పొడి మాట. 1903లో అమెరికాలోని మిల్వాకీ నగరపు ఇద్దరు స్త్రీలు, రోబెర్టా లాసన్, మేరీ మెక్లారెన్ అనువారు, ఒక గిన్నెకు సరిపడు ఆకును గుడ్డసంచిలో నుంచు పద్ధతికి పేటెంటు పొందిరి. కొన్నియేండ్లకు న్యూయార్కు వర్తకుడు థామస్ సలివాన్ పట్టుసంచులలో టీ మచ్చులను పంపగా, కొన్నవారు సంచితోడనే వేడినీటిలో వేసిరని చెప్పుదురు. కాఫీ విషయమున, 1901లో బఫెలో నగరపు ప్రదర్శనమున సతోరి కాటో అను జపానీయుడు నీటిలో కరగు పొడిని చూపెను. తరువాత బ్రెజిలుదేశమున కాఫీగింజలు అమ్ముడుపోక గుట్టలు పడినప్పుడు, వానిని చెడకుండ నిలుపు ఉపాయము కొరకు స్విట్జర్లాండులోని నెస్లే కంపెనీవారు యేండ్ల తరబడి కృషిచేసి, 1938లో నెస్‌కాఫీని బజారునకు తెచ్చిరి. సంచియు, కరగు పొడియు వచ్చుటతో పిప్పి పారబోయుట, పాత్ర కడుగుట తప్పినవి. వేడినీరు ఒక్కటి చాలునన్నమాట.

అయినను హోటలువారు గదిలో కెటిలునుంచుట కేవలము దయచే కాదు. పూర్వము ఇంగ్లండు హోటళ్లలో దాసీలు తెల్లవారకమునుపే లేచి, పళ్లెములలో టీ నమర్చి, మెట్లెక్కి, తలుపు తలుపు తట్టి యిచ్చెడివారు. యుద్ధానంతరము జీతములు పెరిగినవి. అట్టి కొలువునకు మనుష్యులు దొరకుట కష్టమైనది. కెటిలు ఆ పనిని చేసినది. ఇందులో యజమానునకు లాభము కలదు. చలివేకువను మెట్లెక్కు ఆడపిల్లలకు విశ్రాంతియు కలదు. కాని ఉదయముననే తలుపు తట్టి పలుకరించు మనిషి కంఠము మాత్రము పోయినది. సౌకర్యము వచ్చినప్పుడెల్ల ఇట్టి దొకటి నిశ్శబ్దముగా వెడలిపోవుచుండును.

నేడు ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క మర్యాద. ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో గదియందు కెటిలుండుట సామాన్యము. అమెరికాలో కెటిలునకు బదులు కాఫీయంత్రముండును. దానిలో వట్టి నీటిని కాచి టీ కలిపినచో, టీకి కాఫీ వాసన పట్టును. మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల పల్లెలనుండియు పెద్దలు పిల్లలను, మనుమలను చూచుటకు సముద్రములు దాటి పోవుచున్నారు. వారికి దారిలో ఒకటిరెండు రాత్రులు హోటలు బస తప్పదు. వేకువ నాలుగు గంటలకే లేచు అలవాటుగల పెద్దమనిషికి, ఊరంతయు నిద్రించు వేళ, ఎవరినడుగుటకును భాష చాలని వేళ, ఒక గ్లాసు వేడి కాఫీ ఎంతటి ధైర్యమిచ్చునో చెప్పనక్కరలేదు. కనుక వారి కొరకు నాలుగు మాటలు.

మొదటిది విద్యుత్తు బలము. మన దేశమునను, ఐరోపాలోను అది 230 వోల్టులు. అమెరికాలో 120, జపానులో 100. మన తీగచుట్టను అమెరికాలో తగిలించినచో దాని శక్తిలో నాలుగవవంతు మాత్రమే పని చేయును. నీరు గోరువెచ్చనగుటకే పొద్దెక్కును. అమెరికా కెటిలును మన యింట తగిలించినచో దాదాపు నాలుగురెట్ల వేడి పుట్టి, కాలిపోవును. ప్లగ్గు ముండ్లును వేరు: మనకు గుండ్రనివి మూడు, ఇంగ్లండున 1947 నుండి వచ్చినవి చదరపువి మూడు, అమెరికాలో బల్లపరుపువి రెండు. ముండ్లను కలుపు పిడి దొరకినంతమాత్రమున వోల్టులు కలిసినవనుకొనరాదు.

రెండవది పాలు. కెటిలులో పాలు కాచరాదు. అవి అడుగంటి మాడును. పొంగి వెలుపలికి వచ్చును. తరువాతి యతిథికి ఆ వాసన వదలదు. నీరు కాచి, అందు పాలపొడి కలుపుకొనుట మేలు. లేదా పాలగ్లాసును వేడినీటిగిన్నెలో నిలిపి వెచ్చచేసికొనవచ్చును.

మూడవది మన ఫిల్టరు. దానికి నిప్పే యక్కరలేదు! పై గిన్నెలో పొడి వేసి, మరగిన నీరు పోసి మూతపెట్టిన, పావుగంటలో చిక్కని డికాక్షను క్రిందికి దిగును. కెటిలు గల పరదేశపు గదికి మన ఫిల్టరుకన్న తగిన జత లేదు. చేతిలో పట్టు ఒక చిన్న ఫిల్టరును, పొట్లము పొడిని వెంట నుంచుకొనిన, బరువు కొంచెము, సుఖము మెండు.

నాలుగవది కొండ ఊళ్లు. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరగును. సముద్రతీరమున 100 డిగ్రీలకు మరగు నీరు, సుమారు 3,600 మీటర్ల ఎత్తుననున్న లా పాజ్ నగరమున 88 డిగ్రీలకే మరగును. అట్టిచోట ఆకు సరిగా దిగదు. పొడి కొంచెము హెచ్చువేసి, మూతపెట్టి ఎక్కువసేపు నిలుపవలెను. టీ చెడినదని దుకాణదారుని నిందింపరాదు.

మహాశయులారా! మూడు రాళ్ల పొయ్యినుండి రేకుముక్క కెటిలువరకు సాగిన యీ కథలో నాకు తోచిన సారమొక్కటి. పరుల పంచన నున్నప్పుడు మనుష్యుడు కోరునది విలాసము కాదు. తన నాలుక కలవాటైన ఒక గ్రుక్కెడు వెచ్చని ద్రవమును, దానిని ఎవరినీ ప్రాధేయపడక కలుపుకొను గౌరవమును. యజమానుడు కోరునది తన కప్పు క్రింద నున్నవారందరును క్షేమముగా తెల్లవారి లేచుట. శాస్త్రము ఆ రెండు కోరికలను ఒక పాత్రలో కలిపినది. కాని శాస్త్రము చేసినది సగమే. తక్కిన సగము అతిథి చేతిలో నున్నది. కూడదన్నచోట కూడదని మానుట, తీగను మరువక తీసివేయుట, గిన్నె కడిగి యథాస్థానమున నుంచుట, ఇవి పాటించువానికి ఏ దేశమునందైనను ద్వారము తెరచియే యుండును. మన సత్రములలోను పెద్దలు పొయ్యి చల్లార్చి, చోటు అలికి గాని మూట ఎత్తెడివారు కారు. తరువాత వచ్చు బాటసారి ముఖము తామెరుగకున్నను, అతనికి శుభ్రమైన చోటు విడిచిపోవుట తమ విధియని తలంచిరి. పొయ్యి మారినది, ఆ విధి మారలేదు.